తెర మీది ప్రశ్నపత్రాన్ని ఫోనుతో ఫొటో తీయకుండా ఆపగలమా?

మౌనలేఖ:
అందరికీ నమస్కారం. పరీక్షకు ముందు ప్రశ్నపత్రాలను సరిచూసే చిన్న బృందంలో పనిచేస్తున్నాను. మేము ఆరుగురం. కాగితం మీద ఏమీ ఉండదు. కంప్యూటర్ తెర మీదే చదువుతాం, తప్పులు దిద్దుతాం, మూసేస్తాం. ప్రింటు తీసే వీలు లేదు, కాపీ చేసే వీలు లేదు, స్క్రీన్‌షాట్ తీస్తే నల్లటి బొమ్మే వస్తుంది. ఇన్ని జాగ్రత్తలు ఉన్నా కిందటిసారి ఒక పేజీ బయటికి వెళ్లింది. ఎవరో ఫోనుతో తెరను ఫొటో తీశారు. ఆ ఫొటోలో తెర అంచు కనిపిస్తోంది, తెర మీద పడిన కిటికీ వెలుగు కూడా కనిపిస్తోంది.

ఆ పేజీని పక్కన పెట్టి కొత్త ప్రశ్నలు రాసుకున్నాం కాబట్టి పరీక్షకు నష్టం జరగలేదు. నష్టం మా మధ్య జరిగింది. అందరిలోకీ చిన్నవాడు, కొత్తగా చేరిన అబ్బాయి మీదికి అనుమానం పోయింది. ఆధారం ఏమీ లేదు, కొత్తవాడు కావడం తప్ప. ఎవరూ ఎదురుగా ఒక్క మాట అనలేదు. కానీ అతను ఇప్పటికీ ఒంటరిగా కూర్చుని భోజనం చేస్తున్నాడు. నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

కంటికి కనిపిస్తూ కెమెరాకు చిక్కకుండా తెరను చూపించే మార్గం ఉందా? లేకపోతే ఏం చేయాలి?

నిలువుగీత:
మౌనలేఖ గారూ, మీ దగ్గర ఇప్పుడున్న తాళం ఎక్కడివరకు పనిచేస్తుందో ముందు చెబుతాను. స్క్రీన్‌షాట్ అంటే, తెర మీద ఉన్న బొమ్మను ఇవ్వమని ఒక ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగడం. ఆండ్రాయిడ్‌లో యాప్ రాసేవారు ఫ్లాగ్ సెక్యూర్ అనే గుర్తు పెడితే సిస్టమ్ ఆ బొమ్మ ఇవ్వదు. విండోస్‌లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. 2020లో వచ్చిన విండోస్ 10 రూపం నుంచి ఒక విండోను కాపీలో అసలు కనిపించకుండా చేయవచ్చు. ఐఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసిన తర్వాతే యాప్‌కు ఆ సంగతి తెలుస్తుంది. తెర రికార్డవుతున్న సంగతి మాత్రం 2017 నాటి ఐఓఎస్ 11 నుంచి అప్పటికప్పుడే తెలుస్తోంది.

ఇవన్నీ అడిగినవారికి ఇవ్వకుండా ఉండే ఏర్పాట్లు. బయట ఉన్న కెమెరా ఎవరినీ ఏమీ అడగదు. ఒక్కసారి మాత్రమే చూడగలిగే ఫొటోలను వాట్సాప్ 2021లో తెచ్చింది, మరుసటి ఏడాది వాటికి స్క్రీన్‌షాట్‌ను అడ్డుకుంది. పక్కన రెండో ఫోను ఉన్నవారికి అది అడ్డు కాదు. ఈ సందుకు మా రంగంలో అనలాగ్ హోల్ అని పేరు. మనిషి చదవాలంటే తెర నుంచి వెలుగు బయటికి రావాలి. ఆ వెలుగు మనిషిదా, కెమెరాదా అని చూసి వెళ్లదు.

గాజుపలక:
మా దగ్గర తెరల మీద ప్రైవసీ ఫిల్టర్లు అంటించారు. పక్క కుర్చీ నుంచి చూస్తే నల్లగా కనిపిస్తుంది. అవి పెట్టించుకోండి, ఖర్చు కూడా తక్కువే.

పిక్సెల్‌దారి:
గాజుపలక గారి సలహా పక్కచూపులకు మంచి మందే. ఆ ఫిల్టర్లో కంటికి కనిపించనంత సన్నని నిలువు పలకలు వరుసగా ఉంటాయి. ఎదురుగా వచ్చే వెలుగును వదిలి, ఇటు 30 డిగ్రీలు, అటు 30 డిగ్రీలు దాటిన వెలుగును మింగేస్తాయి. కానీ మౌనలేఖ గారి ఇబ్బంది పక్కవారితో కాదు. తెర ఎదుట కూర్చునే హక్కు ఉన్న మనిషి ఆ స్థానం నుంచే ఫోను ఎత్తితే ఫిల్టర్ ఏమీ చేయలేదు. పైగా తెర కొంత మసకబారుతుంది. రోజంతా చదివేవారి కళ్లకు అది భారమే.

కంటికి కనిపిస్తూ కెమెరాను మోసగించే తెర గురించి అడిగారు కదా. నేను డిస్‌ప్లేల మీద పనిచేస్తాను, ఈ ప్రశ్న నాకు ఇష్టమైనది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటి దారి పరారుణ కాంతి. మన కన్ను దాదాపు 700 నానోమీటర్ల తర్వాత చూడలేదు. కెమెరాలోని సిలికాన్ సెన్సార్ 1000 నానోమీటర్ల వరకు చూస్తుంది. తెర వెనక పరారుణ దీపాలు పెడితే మనిషికి ఏమీ తెలియదు, కెమెరాకు మచ్చలు పడతాయి. సినిమా తెర విషయంలో జపాన్ జాతీయ సమాచార విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2009లో ఇలాంటిదే చేసి చూపించారు. అయితే ఫోన్ల ప్రధాన కెమెరాల్లో రంగులు చెడకుండా పరారుణాన్ని వడకట్టే గాజు ఉంటుంది. టీవీ రిమోట్ ముందు ఫోను పెట్టి చూడండి, చాలా ఫోన్లలో ఆ వెలుగు లేతగానే కనిపిస్తుంది, కొన్నింటిలో అసలు కనిపించదు. కాబట్టి నేటి ఫోన్ల మీద ఈ దారిని నమ్ముకోలేం.

రెండో దారి కాలంతో ఆట. వేగంగా మారే చిత్రాలను కన్ను కలిపేసి ఒకటిగా చూస్తుంది. సెకనుకు 120 సార్లు మారే తెర మీద ఒక ఫ్రేములో అక్షరాలకు కొంత రంగు కలిపి, వెంటనే తర్వాతి ఫ్రేములో అంతే రంగు తీసేస్తే, కంటికి మామూలు పేజీయే కనిపిస్తుంది. కెమెరా సెన్సార్ చిత్రాన్ని వరుస తర్వాత వరుసగా చదువుతుంది. అందుకని దానికి కొన్ని వరుసల్లో కలిపిన రంగు, కొన్నింట్లో తీసేసిన రంగు దొరికి పట్టీలు పట్టీలుగా వస్తుంది. దీని మీద చక్కటి పరిశోధనలు జరిగాయి.

పాత నెగెటివ్:
పిక్సెల్‌దారి గారూ, ఫొటోలు తీసేవాడిగా ఇక్కడ అడ్డుపడాలి. ఎక్స్‌పోజర్ సమయం పెంచితే? సెకనులో 60వ వంతు పాటు సెన్సార్‌ను తెరిచి ఉంచితే మీ రెండు ఫ్రేములూ అందులో కలిసిపోతాయి, కంటిలో కలిసినట్టే. గదిలో వెలుతురు తక్కువైతే ఫోను తనంతట తానే అంతకంటే ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. తీసేవారికి ఆ సంగతి తెలియనక్కర్లేదు కూడా.

తెరలను తీస్తే వచ్చే ఇంద్రధనుస్సు లాంటి అలల గళ్లు, అంటే మోయిరే, కూడా ఇంతే. తెర పిక్సెళ్ల గడి, సెన్సార్ గడి ఒకదాని మీద ఒకటి పడి పుట్టే మూడో నమూనా అది. ఒక అడుగు వెనక్కి జరిగినా, ఫోకస్ కాస్త తప్పించినా పోతుంది. అక్షరాలు చదవడానికి అంత స్పష్టత అవసరం లేదు. అందమైన ఫొటో తీయడం కష్టం, చదవగలిగే ఫొటో తీయడం చాలా తేలిక. మీ ప్రశ్నపత్రానికి రెండోది చాలు.

పిక్సెల్‌దారి:
ఒప్పుకుంటున్నాను. ఎక్స్‌పోజర్‌ను చేతితో మార్చుకోగల ఎవరి ముందూ ఆ పద్ధతి నిలవదు. వీడియో తీసేవారిని కొంత ఇబ్బంది పెడుతుంది, నిలకడగా ఒక్క ఫొటో తీసేవారిని ఆపలేదు.

గాజుపలక:
మరి కెమెరాలే ఒప్పుకోకపోతే? కరెన్సీ నోటును కలర్ కాపీయర్ మీద పెడితే కొన్ని యంత్రాలు కాపీ తీయవు కదా. తెర మూలన అలాంటి గుర్తు ఒకటి ఉంచి, దాన్ని చూసిన ఫోను ఫొటో తీయకుండా చట్టం చేస్తే సరిపోతుంది.

నిలువుగీత:
ఆ గుర్తుకు యూరియన్ అని పేరు. అయిదు చిన్న వలయాల అమరిక అది, 2002లో మార్కుస్ కూన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త నోట్ల మీద దాన్ని గుర్తించి బయటపెట్టాడు. నోట్ల విషయంలో అది కుదిరింది, ఎందుకంటే నోటును రంగుల్లో కాపీ తీయాల్సిన అవసరం దాదాపు ఎవరికీ ఉండదు. ఫోను కెమెరా సంగతి అలా కాదు. పరారుణ సంకేతం అందితే కెమెరా ఆగిపోయే పద్ధతికి ఆపిల్ సంస్థకు 2016లో పేటెంటు వచ్చింది. పేటెంటు వచ్చినంత మాత్రాన అది ఫోనులోకి వచ్చినట్టు కాదు. రాకపోవడమే మంచిదని నా గట్టి నమ్మకం. ఆ గుర్తు ఎవరైనా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. దెబ్బలు కొడుతున్నవాడు చొక్కా మీద వేసుకుంటే, చూస్తున్నవారి చేతిలో కెమెరా చచ్చిపోతుంది.

గాజుపలక:
ఆ కోణంలో ఆలోచించలేదు. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

ఏడోమెట్టు:
ఇంతవరకు ఎవరూ చెప్పని దారి ఒకటుంది. మౌనలేఖ గారి పైవాళ్లు దాన్నే ఎంచుకుంటారేమోనని భయంగా ఉంది. కంప్యూటర్‌కు ఉన్న కెమెరాతో కూర్చున్న మనిషిని నిరంతరం చూస్తూ, చేతిలో ఫోను కనిపిస్తే తెరను ఆర్పేయడం. నేను ఇంటి నుంచి పనిచేసే చోట ఏడాదిన్నర పాటు అది ఉంది.

నీళ్ల గ్లాసు ఎత్తితే తెర ఆరిపోయేది. నల్లటి కళ్లద్దాల పెట్టె బల్ల మీద ఉంటే ఆరిపోయేది. పాప గదిలోకి వస్తే రెండో ముఖం కనిపించిందని నివేదిక వెళ్లేది, మర్నాడు సంజాయిషీ రాయాల్సి వచ్చేది. ఆ రోజుల్లో నా కూతురు తలుపు దగ్గరే ఆగి, "రావచ్చా" అని చేతితో సైగ చేసి అడగడం నేర్చుకుంది. అయినా ఫొటో తీయాలనుకున్నవారికి అదేమీ అడ్డు కాలేదు. వెబ్‌కెమెరాకు కనిపించేది దాని ముందున్న కొంత మేరే. తెర అంచుకు పక్కగా, కింద నుంచి ఫోను పెడితే దానికి కనిపించదు. నిజాయితీగా పనిచేసేవారే రోజంతా దాని కింద నలిగారు. దయచేసి ఆ దారి పట్టకండి.

పిక్సెల్‌దారి:
ఏడోమెట్టు గారి మాటకు తోడు ఇంకొకటి. మనిషిని కాకుండా కెమెరానే వెతికే పద్ధతిని అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో చూపించారు. లెన్సు మీద వెలుగు వేస్తే, లోపలి సెన్సార్ తాకి అది వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది, చీకట్లో పిల్లి కళ్లు మెరిసినట్టు. ఆ మెరుపును కనిపెట్టి దాని మీదికే కాంతి కిరణం వదిలి ఫొటోను పాడుచేయడం వారి ఆలోచన. సెన్సార్ ముందు అద్దం ఉండే ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకు అది పనిచేయలేదు. ఆలోచన గొప్పదే, కానీ ఆరుగురు పనిచేసే గదికి తేదగినది కాదు.

మౌనలేఖ:
అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. పూర్తిగా ఆపలేమని అర్థమైంది. ఏడోమెట్టు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా పైఅధికారి సరిగ్గా ఆ ప్రతిపాదనే బల్ల మీద పెట్టారు. మీ మాటలు ఆయనకు వినిపిస్తాను. మరి ఆపలేనప్పుడు, ఎవరు తీశారో తెలుసుకోగలమా?

నిలువుగీత:
అక్కడే అసలు పని ఉంది. వాటర్‌మార్క్, అంటే ఆ కాపీ ఎవరిదో చెప్పే గుర్తును పేజీలోనే కలిపేయడం, ఆ పని చేస్తుంది.

సినిమా హాళ్లవారు దీన్ని ముందే అర్థం చేసుకున్నారు. డిజిటల్ సినిమా కోసం హాలీవుడ్ స్టూడియోలు 2005లో రూపొందించిన నిర్దేశాల ప్రకారం ప్రొజెక్షన్ పరికరమే బొమ్మలోనూ శబ్దంలోనూ కనిపించని గుర్తు వేయాలి. ప్రతి అయిదు నిమిషాల్లో 35 బిట్ల సమాచారం అందులో దొరకాలి. అందులో 16 బిట్లు సమయానికి, 19 బిట్లు చోటుకు. 19 బిట్లంటే 5,24,288 వేర్వేరు గుర్తింపులు. హాలులో ఎవరైనా కెమెరాతో తీస్తే ఏ తెర మీద, ఏ వేళ ఆడిన ఆట నుంచి తీశారో ఆ కాపీయే చెబుతుంది.

మీకు రెండు రకాలూ కావాలి. మొదటిది కనిపించేది. చదివేవారి పేరు, తేదీ, సమయం లేత బూడిదరంగులో పేజీ అంతటా ఏటవాలుగా, అక్షరాల వెనక నుంచి వెళ్లాలి. మూలన పెడితే కత్తిరించేస్తారు. రెండోది కనిపించనిది. 1990లలో బెల్ ల్యాబ్స్ పరిశోధకులు వాక్యాల వరుసలను అంగుళంలో 300వ వంతు పైకో కిందికో జరిపి కాగితాల్లో గుర్తు దాచారు. కాపీకి కాపీ తీసినా ఆ జరుగుబాటు మిగిలింది. తెర మీది పేజీకి కూడా ఇదే సూత్రం పనికొస్తుంది. కాకపోతే ఫొటో ఏటవాలుగా వస్తుంది, మెసేజిల్లో పంపితే కుదించుకుపోతుంది, కాబట్టి జరిపే దూరం కాస్త పెంచి, అదే గుర్తును పేజీలో పలుచోట్ల మళ్లీ మళ్లీ వేయాలి.

పాత నెగెటివ్:
ప్రింటర్లు కూడా ఎప్పటినుంచో ఇదే పని చేస్తున్నాయి. కొన్ని కలర్ లేజర్ ప్రింటర్లు ప్రతి కాగితం మీద కంటికి ఆనని పసుపు చుక్కలు వేస్తాయి. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌వారు 2005లో ఒక జిరాక్స్ నమూనా చుక్కలను విప్పి చదివారు. 15 నిలువు వరుసలు, 8 అడ్డ వరుసల గడిలో ప్రింటు తీసిన తేదీ, సమయం, యంత్రం క్రమసంఖ్య ఉన్నాయి. నీలి కాంతి కింద చూస్తే ఆ చుక్కలు కనిపిస్తాయి.

చిరుదివ్వె:
క్షమించండి, ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నేనూ ఒకప్పుడు తెరను ఫొటో తీసినదాన్నే. నేను పనిచేసిన చోట రోగుల రికార్డుల్లో తేదీలు వెనక్కి మార్చేవారు. మధ్యాహ్నం ఒకటి ఉండేది, సాయంత్రానికి ఇంకొకటి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే రికార్డు చూపించి, అంతా సరిగానే ఉంది కదా అన్నారు. మార్చకముందు తీసిన రెండు ఫొటోలే నా మాట నిజమని నిలబెట్టాయి. అవి విచారణ చేసేవారికి తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు.

ప్రశ్నపత్రం సంగతి వేరు, దాన్ని కాపాడాల్సిందే. కానీ మీరు చెబుతున్న కనిపించని గుర్తు ఆ రోజు ఆ తెర మీద ఉండి ఉంటే, అది నన్ను నా మీద కోపం ఉన్నవారికే ముందు పట్టించేది. ఇలాంటి గుర్తు పెడుతున్నప్పుడు దాన్ని చదివే తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో కూడా అప్పుడే తేల్చుకోండి.

నిలువుగీత:
చిరుదివ్వె గారూ, ఇది రాసినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పింది నా లెక్కలో లేదు. తాళంచెవి ఒక్కరి దగ్గర ఉండకూడదు. ఇద్దరు ముగ్గురు కలిస్తేనే తెరుచుకునేలా చేయవచ్చు, అందులో ఒకరు ఆ బృందానికి బయటివారు కావాలి.

పాత నెగెటివ్:
మౌనలేఖ గారూ, ఇంకో ప్రశ్న. మొదటి సందేశంలో, బయటికి వచ్చిన ఫొటోలో కిటికీ వెలుగు కనిపిస్తోందని రాశారు. తెర మీద కిటికీ ప్రతిబింబించాలంటే కిటికీ తెరకు ఎదురుగా, అంటే కూర్చున్నవారి వీపు వైపు ఉండాలి. మీ గదిలో ఆరు బల్లలకూ కిటికీ అటువైపే ఉందా?

మౌనలేఖ:
ఈ ప్రశ్న చదివి వెంటనే లేచి గదిలోకి వెళ్లాను.

లేదు. మూడు బల్లలకు కిటికీ వీపు వైపు ఉంది. మిగిలిన మూడింటికి ముఖం వైపు ఉంది, అక్కడ తెర వెనక భాగం మీదే వెలుగు పడుతుంది. ఆ అబ్బాయి బల్ల రెండో వరుసలోది. తెర మీద ఎదుటి గోడ తప్ప ఇంకేమీ కనిపించదు. అక్కడే నిలబడి ఎన్ని కోణాల్లో చూసినా కిటికీ కనిపించలేదు.

ఇన్ని నెలలూ ఆ ఫొటో మా అందరి దగ్గరా ఉంది. అందరం అందులోని ప్రశ్నలే చూశాం.

పిక్సెల్‌దారి:
మంచి పరిశీలన. కానీ ఒక జాగ్రత్త. దీంతో ఏ తెరలను తీయలేదో తెలిసింది. ఎవరు తీశారో తెలియలేదు. ఎవరైనా లేచి వెళ్లి మరొకరి బల్ల దగ్గర తీసి ఉండవచ్చు. కిటికీ వీపు వైపు ఉన్న ముగ్గురి మీదికి ఇప్పుడు అనుమానం మళ్లకూడదు.

వాటర్‌మార్క్‌కూ ఇదే వర్తిస్తుంది, అందరూ మరిచిపోయేదీ ఇదే. ఆ గుర్తు తెర పేరు చెబుతుంది, చేతి పేరు చెప్పదు. టీ కోసం లేచిన రెండు నిమిషాల్లో వెనక నుంచి వచ్చినవారు తీస్తే మీ పేరే బయటికి వెళ్తుంది. అందుకని కుర్చీ వదిలితే తెర వెంటనే మూసుకోవాలి. దొరికిన పేరును విచారణకు మొదటి మెట్టుగానే చూడాలి, తీర్పుగా కాదు.

గాజుపలక:
ఇంకో సందేహం. ఇద్దరు కూడబలుక్కుని తమ తమ పేజీలను పోల్చి చూస్తే గుర్తు ఎక్కడుందో తెలిసిపోదా?

నిలువుగీత:
తెలుస్తుంది, కానీ ఇద్దరి పేజీలూ వేరుగా ఉన్నచోట్ల మాత్రమే. ఒకేలా ఉన్నచోట్ల గుర్తు ఉందో లేదో వారికి తెలియదు. ఈ సూత్రం మీద 1995లో బోనే, షా అనే పరిశోధకులు కలిసి సంకేతాల పద్ధతి ఒకటి కట్టారు, 2003లో టార్డోస్ అనే పరిశోధకుడు దాన్ని బాగా మెరుగుపరిచాడు. కుమ్మక్కయ్యేవారి సంఖ్య పెరిగేకొద్దీ గుర్తు పొడవు ఆ సంఖ్య వర్గానికి, అంటే దాన్ని దానితోనే గుణిస్తే వచ్చేదానికి, అనుగుణంగా పెరగాలి. ఆరుగురిలో ఇద్దరంటే పెద్ద భారం కాదు.

అసలు పెద్ద సందు వేరే ఉంది. ఫొటోయే తీయకుండా, చదివింది గుర్తుపెట్టుకుని ఇంటికి వెళ్లి రాస్తే? అప్పుడు వరుసల జరుగుబాటు, బూడిదరంగు పేరు, ఏవీ మిగలవు. మిగిలేది విషయం ఒక్కటే. కాబట్టి గుర్తు విషయంలోనే ఉండాలి. లెక్కల ప్రశ్నలో ఒకరికి రైలు వేగం గంటకు 72 కిలోమీటర్లు, మరొకరికి 54. సెకనుకు 20 మీటర్లు, 15 మీటర్లు, రెండూ తేలికగా తెగే లెక్కలే. అంకె బయటికి వస్తే అది ఎవరి కాపీయో తెలుస్తుంది.

మౌనలేఖ:
లెక్కలకు కుదురుతుంది. భాషా ప్రశ్నలకు కుదరదు, అక్కడ ఒక్క పదం మారినా ప్రశ్నే మారిపోతుంది. వాటికి ఇంకో మార్గం ఆలోచిస్తాం.

మౌనలేఖ:
అయిదు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. సలహాలు ఇచ్చినవారికి ఫలితం చెప్పడం నా బాధ్యత.

వెబ్‌కెమెరా ప్రతిపాదన ఆగిపోయింది. ఏడోమెట్టు గారి అనుభవాన్ని పేరు లేకుండా సమావేశంలో చదివాను. చదవడం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పత్రం మొత్తం ఇప్పుడు ఎవరికీ కనిపించదు. ఒక్కో ప్రశ్న ఇద్దరికి మాత్రమే వెళ్తుంది, లెక్కలైతే ఇద్దరికీ వేర్వేరు అంకెలతో. రెండు రూపాలూ సరైనవో కాదో విడివిడిగా తేలాక, ఏది ఉంచాలో చివర్లో కంప్యూటర్ ఎంచుకుంటుంది. ఎవరు ఏ ప్రశ్న చూశారో మిగతావారికి తెలియదు. నిజానికి అన్ని మార్పుల్లోకీ దీనివల్లే ఎక్కువ మేలు జరిగిందని అనుకుంటున్నాను. ఫొటో తీసినా కొన్ని ప్రశ్నలే పోతాయి, వాటిని మార్చడం ఒక్క పూట పని.

వాటర్‌మార్క్ రెండు రకాలూ పెట్టాం. కనిపించనిది కూడా ఉందని అందరికీ ముందే చెప్పాం. దాన్ని చదివే తాళంచెవి మూడు ముక్కలు, ఒకటి బయటి సంస్థలో ఉంది. చిరుదివ్వె గారూ, ఇది మీ మాట వల్లే. గుర్తు దొరికినా అది విచారణకు మొదలు మాత్రమేనని నియమాల్లో రాయించాం. బల్లలన్నీ ఒకే వైపుకు తిప్పాం.

గుర్తును పరీక్షించే పని ఆ అబ్బాయికి అప్పగించాను. ముందుగా అతన్ని, మిగతా నలుగురినీ కూర్చోబెట్టి ఆ పాత ఫొటో, కిటికీ, బల్లలు చూపించాను. నేనూ అనుమానించానని, తప్పు చేశానని అందరి ముందూ అతనితో చెప్పాను. అతను ఏమీ అనలేదు. ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

రెండు రోజుల్లో తన ఫోనుతో నాలుగు మూలల నుంచి, దీపాలు ఆర్పి, వెలిగించి, మెసేజిల్లో పంపించి, మళ్లీ తెచ్చి డజన్ల కొద్దీ ఫొటోలు తీశాడు. బాగా ఏటవాలుగా తీసినవాటిలో గుర్తు సరిగా రావడం లేదని తేల్చాడు. నిలువుగీత గారూ, వరుసల జరుగుబాటుతో పాటు పదాల మధ్య ఖాళీలను కూడా వాడవచ్చా అని అతను అడుగుతున్నాడు. తెలుగులో ఒత్తులు కింది వరుసను, గుడులు పై వరుసను తాకుతాయి కాబట్టి వరుసలను జరపడానికి చోటు తక్కువని అతని మాట. ఈ వేదికలో ఖాతా తెరవమన్నాను. రేపటి నుంచి ఆ ప్రశ్నలు తనే అడుగుతాడు.